సరళ మేడం కోటు

జులై 3
నా రాత బాగాలేదు. ఒత్తులు తప్పుతున్నాయి. ఏడో తరగతి తర్వాత సరుకుల చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఈ కాగితమే ఓర్చుకోవాలి.
మందుల కంపెనీ అతను ఇచ్చిన డైరీ ఇది. మా ఆయన వద్దంటే నేను తీసుకున్నాను. ఆయన ఈరోజు సరుకు కోసం మదనపల్లె వెళ్ళాడు. పుంగనూరు షాపులో నేనొక్కదాన్నే. గోడ మీద సర్టిఫికెట్ సరళ మేడంది. ఫార్మసిస్టు ఉంటేనే మందులు అమ్మాలట. ఆమె బెంగుళూరులో ఉంటుంది, కాగితం ఇక్కడ ఉంటుంది. పెళ్ళయి ఏడాదైంది, ఆమెను ఒక్కసారీ చూడలేదు. ఫోటో ఎండకు వెలిసిపోయింది. ఎవరైనా అడిగితే మేడం భోజనానికి వెళ్ళిందని చెప్పమన్నాడు.
పొద్దున తొమ్మిదికి అడిగినా భోజనమేనా... అడగలేదు నేను.

జులై 5
డాక్టరు చీటీ తెచ్చేవాళ్ళు తక్కువ. మాత్రలు అయిపోయిన ఖాళీ షీటు తెస్తారు. 'ఇదే ఇయ్యమ్మా.' రంగు చూస్తాను, సైజు చూస్తాను, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటాను. సగం షీట్లకు పేరే ఉండదు — పేరున్న వైపు మా దగ్గర ఉంచుకుని, మిగతా ముక్క కత్తిరించి ఇచ్చింది మేమే.
ఈరోజు ఒకామె 'డాక్టరమ్మా' అంది. కాదని చెప్పలేదు. బాగుందనిపించింది.
ఇది రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి.

జులై 8
సోమల నుంచి గిరిజమ్మవ్వ వచ్చింది. బస్సు దిగి నేరుగా మా షాపుకే. కొంగు ముడిలో ఒక్క మాత్ర మిగిలిన చిన్న వెండి రేకు ముక్క. బీపీ మాత్రలంది. పేరు లేదు, చివరి రెండక్షరాలే మిగిలాయి. షాపు నిండా జనం. బీరువాలో రేకు, మాత్ర అలాగే ఉన్న షీటు తీసి ఇచ్చాను.
'నీ సెయ్యి మంచిది తల్లీ' అంది.

జులై 11
కుప్పంలో పుట్టింటికి వచ్చాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఆసుపత్రి ఎదుట షాపులో అమ్మ వాడే మాత్ర అడిగాను. కౌంటర్‌లో నా వయసు పిల్లే ఉంది. గోడ మీద ఫోటో, ముందు నిలబడ్డ ముఖం ఒకటే.
'డాక్టరు సీటీ యాడుందక్కా?'
లేదన్నాను. మాకూ మెడికల్ షాపే ఉందని చిన్నగా చెప్పాను. ఎందుకు చెప్పానో.
'అయితే నీకు తెలిసే ఉంటాది గదా. సీటీ లేకుండా ఇస్తే నా సర్టిఫికెట్ పోతాది. అమ్మకు కడుపులో పుండు ఉంటే ఈ మాత్తర ఆమెను సంపుతాది.'
అమ్మకు కడుపులో మంట ఉంది. నాకు తెలుసు. ఆ పిల్ల అడిగేదాకా గుర్తుకు రాలేదు.
పక్కన ఎవరికో సగం షీటు కత్తిరిస్తోంది. పేరు, తేదీ ఉన్న సగం మనిషికిచ్చి, ఒట్టి సగం చెత్తబుట్టలో వేసింది. అందులోని మాత్రలు పోయినా సరే...
బస్సులో అవ్వ తెచ్చిన రేకు ముక్కే కళ్ళముందు.

జులై 12
షాపు తెరవగానే చూశాను. బీపీ డబ్బా సీలు తీయనే లేదు. పక్కన షుగరు మాత్రల డబ్బా తెరిచి ఉంది. అవే రేకులు, అవే తెల్ల మాత్రలు. ఒక షీటు లేదు.
అవ్వకు షుగరు లేదు.
ఆయన అన్నం కలుపుతుంటే చెప్పాను. చెయ్యి ఆగిపోయింది. అవ్వను చూసి వద్దామన్నాను. 'నువ్వు నోరు ఇప్పొద్దు. షాపు మూస్తారు' అన్నాడు. అవ్వ ఎలా ఉందో అడగలేదు. తిడితే బాగుండేది.

జులై 13
చెప్పకుండా సోమల వెళ్ళాను. సంచిలో సరైన షీటు. దారంతా ఏడుపు వినిపిస్తుందేమో అని చెవులు రిక్కించాను.
అవ్వ అరుగు మీదే ఉంది. చింతపండు గింజలు తీస్తోంది. పక్కనే కూర్చున్నాను.
మూడు రోజులుగా వణుకట, చెమటట, ఒకసారి కళ్ళు తిరిగి దొడ్లో పడిందట. 'ఇంత బెల్లం నోట్లో ఏసుకుంటే లేసి కూసున్యా. ఎండ దెబ్బ అనుకున్యా.'
చెప్పాలి. నోటిదాకా వచ్చింది. 'ఆ షీటు పాతది అవ్వా, ఇంక ఏసుకోవద్దు, మార్చుకుందామని వచ్చినా' అన్నాను. ఈరోజే ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోమని రెండుసార్లు చెప్పాను. ఎందుకు వెళ్ళాలో మాత్రం చెప్పలేదు.
అవ్వ నా గడ్డం పట్టుకుంది. 'ఇంటికాడికొచ్చి మందు మార్చేవాళ్ళని నేను యాడా సూళ్ళేదు. నీ పేరేంది తల్లీ?'
రెడ్డెమ్మ అన్నాను.
అంతలోకి పక్కింటివాళ్ళు చేరారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఖాళీ రేకు. 'మా అత్తకు ఇది, సూడమ్మా.' 'ఇది నరాలకా, గుండెకా?' బస్సు టైమైందని లేచాను. గింజలు వొలిచి వండుకోమని అవ్వ అనపకాయలు కొంగులో పోసింది. రేపు కాక పై సోమవారం పట్నానికి వస్తాను, నీ దగ్గరికే అంది.
అనపకాయలు వొలవలేదు. సంచిలోనే వాడిపోతున్నాయి.

జులై 17
మందుల ఇనస్పెక్టరు మదనపల్లెలో షాపులు చూస్తున్నాడట. సోమవారం ఇక్కడికట.
ఆయన తెల్లకోటు తెచ్చాడు. సరళ మేడం రానందట. 'వెలిసిపోయిన ఫోటోలో ఎవురైతే ఏమి. పేరు సరళ అను, సంతకం నేర్చుకో, అంతే. ఒక్క పూటే గదా మే.'
నాకు రాదన్నాను. షాపు పోతే ఏం తింటాం అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది.

జులై 19
కోటు సరిగ్గా సరిపోయింది. నాకోసమే కుట్టినట్టు. అద్దంలో చూసుకున్నాను... కుప్పం పిల్ల గుర్తొచ్చింది. విప్పేశాను.
ఆయన కుర్చీలో కూర్చుని ఇనస్పెక్టరు లాగా అడిగాడు, 'ఏమ్మా, నీ పేరేంది?' మూడుసార్లు. నాకు మాట రాలేదు. మొదట నవ్వాడు. తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

జులై 20, ఆదివారం
కోటు ఇస్త్రీ చేశాను. ఎందుకు చేశానో తెలియదు.
రేపు అవ్వ వస్తుంది. ఇనస్పెక్టరూ వస్తాడు. కౌంటర్ ముందు అవ్వ నన్ను రెడ్డెమ్మా అని పిలుస్తుంది. పలకకపోతే ఇంకా గట్టిగా పిలుస్తుంది. ఆమెకు చెవుడు, అందరికీ ఉందనుకుంటుంది.
పిలిస్తే బాగుండు.
ఈ డైరీ ఎవరికైనా దొరికితే చదవకుండా పొయ్యిలో వేయండి. ఇక్కడిదాకా చదివేసి ఉంటే, కాల్చే ముందు సోమలకు వెళ్ళి గిరిజమ్మవ్వకు చెప్పండి, ఎండ దెబ్బ కాదని. నేను రేపు చెప్తాను. చెప్పగలనో లేదో—