అండాలు అల్లుడు

అండాలూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఒక సంతోషం నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నానే.

పాత నేత ఊళ్లు చూస్తామని మన అమ్మాయి, అల్లుడు బయలుదేరితే దిల్‌సుఖ్‌నగర్ నుంచి నేనూ మన పోచంపల్లికి వెళ్లాను. తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. కోస్తా అల్లుణ్ని మనవాళ్లు ఏమంటారోనని నువ్వు పడ్డ భయమే నాకూ పట్టుకుంది. మట్టిగోడల వెంట వాళ్లిద్దరూ నడుస్తుంటే నేను పది అడుగులు వెనకే నడిచాను.

మన వాడకట్టులో, చీర దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోస్తున్న ఎల్లవ్వ తల ఎత్తింది.

"ఏ ఊరు బిడ్డా? ఎవరి అల్లునివి?"

"మాది భీమవరం అండి. అండాలమ్మగారి అల్లుణ్ని."

నా పేరు కాదే, నీ పేరు చెప్పాడు!

"అట్లనా! అయితే కూసో, ఆసు పొయ్యి."

మన బంగారు అల్లుడు చెప్పులు విడిచి కూర్చున్నాడు. మూడో వరసకే ఒక మేకు తప్పాడు. అవ్వ పకపకా నవ్వింది.

"పరేషాన్ గాకు. మీ అత్త గూడ కొత్త కోడలుగ ఒచ్చిననాడు గిట్లనే తప్పింది. గా తర్వాత ఆమె లెక్క ఆసు పోసినోళ్లు ఊర్లనే లేరు."

తిరిగొస్తుంటే వాడకట్టంతా అరుగుల మీదికి వచ్చింది. 'ఆంధ్ర అల్లుడు' అన్నవాళ్లు ఒక్కరూ లేరు. 'అండాలు అల్లుడు పోతున్నడు' అన్నారే!