గెడ్డలో ఆగిపోయిన దీపాలు

మార్గశిర శుద్ధ పాడ్యమి, రాత్రి

తెల్లవారుజామున పోలి దీపాలు వదలడానికి మా గోడౌన్ వెనకున్న చిన్న వాగుకు, మా గెడ్డకు వెళ్ళాం. అరటి డొప్పలో దీపం పెట్టి నీళ్ళు ఎంత తోసినా ముందుకు పోలేదు. అందరి దీపాలూ ఒడ్డునే గుమిగూడి ఆగిపోయాయి.

"ఏటొదినా, పోలి సొర్గానికెల్లనంటన్నాదేటి?" అని పక్కింటి సూరమ్మ నవ్వింది. అంతలోనే గొంతు తగ్గించి, "అన్నయ్య మట్టి పోయించేసినాడు గదా, నీలెటెల్తాయి? గట్టి వానొస్తే మా ఇంట్లోకే వస్తాది," అంది.

గోడౌన్ పెంచాలని మా ఆయన గెడ్డను సగం పూడ్పించారు. రేపు ఇంకో లారీ మట్టి వస్తుంది. భోజనం దగ్గర వద్దన్నాను.

"అది ఉత్త మురుగుకాలవ. నువ్వింకా గెడ్డంటావేటే?" అన్నారు.

మురుగైతే అక్కడ దీపం వదలమని అత్తగారు నాకెందుకు నేర్పారో అడగలేకపోయాను.

సాయంత్రం నుంచి మబ్బు పట్టే ఉంది. సూరమ్మ అత్తగారు మంచం దిగలేరు. ఇంట్లోకి నీళ్ళొస్తే ఆవిణ్ణి ఎవరు మోస్తారు?

గెడ్డ దగ్గరకు లారీ పోవాలంటే మా గోడౌన్ గేటు తియ్యాలి. ఆ తాళంచెవి మేకు నుంచి తీసి కొంగున ముడేసుకున్నాను. పోలి తల్లీ, పొద్దున్న ఆయన అడిగినప్పుడు, ఇవ్వనని నా చేత అనిపించు.