అడిగితే లేదనకూడని విత్తనం

గజపతినగరం దగ్గర, మా ఊరి నుంచి
17 జూన్ 2015

చిరంజీవి తమ్ముడు చినబాబుని అక్క ధనలక్ష్మి ఆశీర్వదించి రాసే సంగతులు. ఇక్కడ అందరం క్షేమం. విశాఖలో నువ్వూ, నీ ప్రాజెక్టు ఆఫీసూ క్షేమమని తలుస్తాను.

తొలకరి పడింది. మీ ఆఫీసులో రాగులంటారే, ఆ చోళ్ల నారు పోయడానికి మా అత్త జగ్గమ్మ మడి దున్నించి ఉంచింది. పోయడానికి గింజ లేదు. మా ఇంట్లో ఇప్పుడిదే పెద్ద సంగతి, మిగతావన్నీ తరవాత.

కిందటేడు వానల ముందు మీ ప్రాజెక్టు తరఫున వచ్చిన విదేశీ సలహాదారు గుర్తున్నాడు కదా. మా అరుగు మీద కూర్చుని అంబలి కూడా తాగాడు. విత్తనం ఊరికే ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటే మార్కెట్టు ఎప్పటికీ రాదనీ, తమవైపు దేశాలు ఆ అలవాటు మానుకునే బాగుపడ్డాయనీ, మన సర్కారు కూడా ఒప్పుకుందనీ అన్నాడు. ఆయన మాటల్ని ప్రకాష్ అనే ఆయన తెలుగులో చెప్పాడు. మాకు సగమే అర్థమైంది. తరవాత వాళ్ల మనుషులు గడప గడపకీ వచ్చి, పరీక్షకి చోళ్ల విత్తనం అడిగారు. విత్తనం అడిగినవాళ్లని ఒట్టి చేతులతో పంపకూడదు కదా. తీసుకున్నవాడు పంట రాగానే గుప్పెడు ఎక్కువేసి తిరిగిస్తాడని ఎవరూ దాచుకోలేదు. మన సోళ్లు దేశాలు తిరుగుతాయని మా అత్త మురిసిపోయింది కూడా.

తిరిగిచ్చినవాడు లేడు. ఆ ఏడు వాళ్లు పంచిన మొక్కజొన్న ప్యాకెట్లే వేశాం. బాగానే పండింది. ఆ గింజ దాచి మొన్న వేసవి చినుకులకి వేస్తే ఒక మొక్క జానెడు, ఒకటి బెత్తెడు. మళ్లీ ప్యాకెట్టు కావాలంటే పండిందంతా ఆ ప్యాకెట్ల కంపెనీకే అమ్ముతామని సంతకం పెట్టాలట. చోళ్ల కోసం మా మరిది సూరయ్య చీపురుపల్లి దాకా వెళ్లొచ్చాడు. అక్కడా ఆళ్లే పట్టుకెళ్లిపోనారు వదినా, ఒక్కరింటికాడా గింజ నేదు అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి నాకు భయంగా ఉంది.

మా అత్త మాత్రం నిబ్బరంగానే ఉంది. మన సినబాబు ఆ ఆఫీసులోనే ఉన్నాడు, ఆడికి తెలిస్తే ఊరుకుంటాడేటి, మూట ఎత్తుకొస్తాడు అని చెప్పి, ఊళ్లో ఎవర్నీ సంతకం పెట్టనివ్వలేదు. అందరూ ఆవిడ మాట మీద ఆగారు. అదను దాటిపోకముందే, దొరికినంత విత్తనం పంపు.

నీ మేలు కోరే
అక్క ధనలక్ష్మి

తా.క.: పైనంతా అత్తకి చదివి వినిపించాను. ఇది ఆవిడ పొలానికి వెళ్లాక రాస్తున్నాను. నిన్న కొట్టు దగ్గర ప్రకాష్ కనిపించాడు. నీ అక్కనని తెలిసి ఎంతో మర్యాద చేశాడు. ఇక్కడివాళ్లు విత్తనం అడిగితే లేదనరు, కాగితం రాయించుకోరు, వానలకి ముందే వెళ్లి మొత్తం అడగండి అని ఆ విదేశీయుడికి దారి చూపింది నువ్వేనట. నీకు ప్రమోషన్ అందుకే వచ్చిందట. ఆ మూటలు విశాఖలో కూడా లేవట, ఎప్పుడో ఓడెక్కాయట. నాకు కోపం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది. ఊరంతా నిన్ను నమ్మి దుక్కి చేసుకుని కూర్చుంది. ఈ మాట మా అత్తకి నువ్వొచ్చి చెబుతావా, నన్నే చెప్పమంటావా?