ఖాజాబీ బలపరిచిన తీర్మానం

ఆదివారం, కర్నూలు

పదకొండేళ్లుగా మా సేవా సంఘం మినిట్స్ పుస్తకం నేనే రాస్తున్నాను. మీటింగుకు ముందురోజే రాసి పెట్టుకుంటాను. ఏ తీర్మానాన్ని ఎవరు ప్రతిపాదించారో, ఎవరు బలపరిచారో అన్నీ అందులో ఉంటాయి. అందరూ టీ తాగి సంతకాలు పెడతారు. నకలు రిజిస్ట్రారు ఆఫీసుకు పోతుంది.

ఈరోజు ఖాజాబీ సంతకం పెట్టబోతూ ఆగింది. కమిటీలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. కళ్లజోడు పెట్టుకుని, వేలుంచి ఒక్కో వరుసా చదివింది.

"ఏమప్పా సెక్రెటరీ, మా వీధిలో ఉండే ఉచిత దవాఖానాను కొత్త కాలనీకి మార్చాలని నేనే బలపరిచినానా?"

"అది ఊరికే లాంఛనం లేమ్మా. ఎవరిదో ఒకరి పేరుండాల గదా."

"అయితే నీ పేరు రాసుకో. రేపు మా వీధోళ్లు అడిగితే నేనేం చెప్పేది?"

ఆమెకు కోపం లేదు. కోపమంతా నాకే వచ్చింది. పెన్ను బల్ల మీద పెట్టేసిందామె. వెంటనే మిగతావాళ్లు కూడా పుస్తకం తమవైపు లాక్కుని, తమ పేర్లెక్కడున్నాయో వెతుక్కున్నారు. మీటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

ఇంటికొచ్చి పాత పేజీలు తిరగేశాను. కాగితం మీద ఏ లోటూ లేదు. ప్రతి ఏడూ ఏదో ఒకటి ఖాజాబీ బలపరిచినట్టే ఉంది. ఆమెను నిజంగా అడిగివుంటే ఏమనేదో? దవాఖానా గురించి వచ్చే వారం ఏమంటుందో?

ఇన్ని తీర్మానాలు బలపరిచిన మనిషి. మీటింగులో ఆమె గొంతు నేను విన్నది మాత్రం ఈరోజే.