కొలతకో మనిషి

జూన్ 4, సాయంత్రం

కొత్త పని. వృక్షశాస్త్ర పుస్తకం కోసం నాగలింగం చెట్టు బొమ్మ. కొండలు, నదులు, ఆకాశాలు వేసినదాన్ని, ఒక్క చెట్టు నాకో లెక్కా అనుకున్నాను. మధ్యాహ్నానికే ముగించి చేతులు దులుపుకున్నాను.

ఇంటికొస్తే చెప్పుకోడానికి మనిషి లేడు. మా ఆయన ఇంకా వాళ్లక్క ఇంట్లోనే. ఫోన్ చెయ్యడు. నేనూ చెయ్యను.

జూన్ 5

బొమ్మ తిరిగొచ్చింది. పుస్తకం రాస్తున్న బోటనీ మేడం నవ్వాపుకుంటూ అడిగింది, చెట్టు కింద ఈ మనిషెవరని. ఒళ్లు మండింది. చెట్టు ఎత్తు తెలియడానికి కింద ఓ మనిషిని పెడతాం, ల్యాండ్‌స్కేప్ వాళ్ల అలవాటు అన్నాను. ఇక్కడ మనిషి వద్దట. పక్కన స్కేలు గీత చాలట.

రబ్బరు పట్టుకుని కూర్చున్నాను. గోరంత మనిషి. కుడి భుజం కాస్త కిందికి, చేతులు వెనక్కి. ఆ మనిషెవరో ఆవిడకేం తెలుసు?

జూన్ 6

చెరపలేదు.

జూన్ 9

నా బొమ్మలన్నిట్లోనూ ఆయనే. పెళ్లయిన కొత్తలో వేసిన వాగు దగ్గర్నుంచీ. ఇంకొంచెం వెనక్కి, ఇంకా వెనక్కి అని అరిచేదాన్ని. ఎండలో నవ్వుకుంటూ వెళ్లేవాడు. వెళ్లిపోయిన రోజు మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్లూ వెనక్కి వెళ్తూనే ఉన్నాను, ఒక్క బొమ్మలోనైనా నాకు మొహం ఉందా అన్నాడు. నా నోటి దురద ఊరుకుంటుందా, పెద్ద అందగాడివని మొహం వెయ్యాలా అన్నాను. బ్యాగు సర్దుకున్నాడు.

ఇల్లు బోసిపోయింది. పొద్దున్నే విసిగించే ఆ దగ్గు కూడా కావాలనిపిస్తోంది.

జూన్ 11

మేడం నన్ను చెట్టు దగ్గరికి లాక్కెళ్లి, ముక్కు తగిలేంత దగ్గరగా నిలబెట్టింది. గుర్తున్నది కాదు, కనిపించేది గీయండి అంది. రేకులు లోపల గులాబీ, వెనకవైపు పసుపు. దూరం నుంచి అంతా ఎరుపే అనుకున్నాను. మళ్లీ మొదట్నుంచీ వేసి, స్కేలు గీత పెట్టి ఇచ్చేశాను. పాతది ఇంటికి తెచ్చుకున్నాను.

వచ్చి ఆయన మొహం వేద్దామని కూర్చున్నాను. భుజం వచ్చింది. నిలబడే తీరు వచ్చింది. కనుబొమల దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎంత తలుచుకున్నా రాలేదు. ఏడ్చాను.

ఫోన్ చేశాను. బొమ్మకి మనిషి కావాలి, రావా అన్నాను. ఈసారి ఎంత దూరంలో నిలబడాలి అని అడిగాడు.

జూన్ 13, పొద్దున

ఎడమ కనుబొమలో ఒక్క తెల్ల వెంట్రుక. ఇదెప్పుడొచ్చిందో! నవ్వొద్దు మొర్రో అంటే వినడు.