రెండంగుళాలు

దోహా,
12 మార్చి 1981

ప్రియమైన నిసార్ భాయ్‌కు ముత్యం సలాం.

నువ్వు పోయి నెల దాటింది. మంచిగనే చేరినవని మొన్న ఊరికెళ్ళి వచ్చిన హన్మాండ్లు చెప్పిండు. ఖదీజా వదిన, పిల్లలు ఎట్లున్నరు? మన రూంల నీ మంచం మీదికి కేరళాయన వచ్చిండు. మంచోడే గని, నీ లెక్క చాయ్ పెట్టి లేపడు.

గ్యారేజీల పని మస్తుగున్నది. ఊరంత కొత్త కార్లే. ఆయిల్ పైసలు పిల్లగాళ్ళ చేతికొచ్చినయి, పొద్దున కొన్న కారును మాపటికి మార్చుమని తెస్తున్నరు. మీ అర్బాబ్, నీకు జీతమిచ్చిన ముసలాయన, మొన్న బజార్ల కనిపించిండు. నుదుటి దెబ్బ మానింది. నీ జాగల ఇంకో డ్రైవర్‌ను పెట్టుకున్నరట.

అక్కడ ఏదన్న బండి దొరికిందా? నీ అసొంటి చెయ్యికి పని దొరకకుంట ఉంటదా. జాబు రాయి.

నీ తమ్ముడు,
ముత్యం


కోరుట్ల,
9 ఏప్రిల్ 1981

తమ్ముడు ముత్యానికి నిసార్ అహ్మద్ దువా.

నీ ఉత్తరం అందింది. మేమందరం బాగనే ఉన్నం.

బండి సంగతి అడిగినవు. మెట్‌పల్లి సేటు లారీ ఇస్తనన్నడు, వద్దన్న. పదహారేండ్లు స్టీరింగ్ పట్టినోణ్ణి. ఉమ్ సలాల్ తోటకు అర్బాబ్‌ను రోజు తీస్కపోయినోణ్ణి. గేటుకాడి రాయి నాకు తెల్వదా? ఎప్పుడు దాని మీదికెళ్ళే పోయేది, ఎన్నడు కారు కడుపుకు తాకలే. ఆ దినం తాకింది. ఇంజన్ కింద ఆయిల్ డబ్బా పగిలింది. పక్క సీట్ల కూసున్న ముసలాయన నుదురు ముందటికి కొట్టుకున్నది. ఆయన నన్ను తిట్టలే. "నిసార్, నీకు చూపు తగ్గింది. ఇంటికి పో" అన్నడు. తిట్టినా బాగుండు.

కరీంనగర్ల కండ్ల డాక్టర్‌కు చూపించుకున్న. చూపు మంచిగున్నదన్నడు. అయితే మరి నెత్తిలనే ఏదో తప్పినట్టున్నది. మొన్న ఖదీజాకు జ్వరమొస్తే బావమరిది జీపు తాళం నా చేతిల పెట్టి దవాఖానకు తీస్కపొమ్మన్నడు. తీసుకున్న తాళం మళ్ళ ఆయనకే ఇచ్చిన. రిక్షాల తీస్కపోయిన. ఇప్పుడు మామ గాజుల దుకాణంల కూసుంటున్న.

నువ్వు మిస్త్రీవి, నిన్నే అడుగుత. తాకిన దానికి ముందటి రోజు తోటకు పోలే, ఊర్లనే తిరిగినం. బండి ఎందుకో గట్టిగ ఎగురుతుందని నీకు చెప్పిన. టైర్లల్ల గాలి ఎక్కువైందన్నవు. అది గాలేనా?

నీ మంచి కోరే,
నిసార్


దోహా,
23 ఆగస్టు 1981

నిసార్ భాయ్‌కు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. జాబు రాసుడు, చింపుడు. గట్లనే గడిచింది.

అది గాలి కాదు.

ఆ శుక్రవారం నువ్వు నమాజుకు పోయినంక అర్బాబ్ కొడుకు రాషిద్ నువ్వు నడిపే కారునే పట్టుకొచ్చిండు. వెనక సీట్ల డబ్బాలున్నయి. జర్మనీ నుంచి తెప్పించిన పొట్టి స్ప్రింగులు. దోస్తుల కార్ల లెక్క ఇది గూడ నేలకు దగ్గరగ కనవడాలెనట. నాయనకు తానే మెల్లగ చెప్పుకుంటడట, డ్రైవర్‌కు తెలిస్తే మాత్రం నా వీసా క్యాన్సిల్ చేయిస్తనన్నడు. నేను చక్రాలిప్పి, పాత స్ప్రింగులను క్లాంపులతోని నొక్కి తీసి, నాలుగు కొత్తవి ఎక్కించిన. మంచిగ చేసిన భాయ్, ఒక్క నట్టు వదులు లేదు. జాకీ దించితే కారు రెండంగుళాలు కిందికి కూసున్నది. చూస్తే నాకే ముచ్చటేసింది. అది గూడ దాచను.

తెల్లారి నువ్వు అడిగితే గాలన్న. ఆ మర్నాడే రాయికి తాకింది. బండిని మా గ్యారేజీకే గుంజుకొచ్చిండ్రు. పాత స్ప్రింగులు మళ్ళ ఎక్కించుమని రాషిద్ చెవుల చెప్పిండు. నువ్వు బయట మెట్ల మీద తల పట్టుకొని కూసున్నవు. నేను లోపల కారు కింద పండుకొని బిగించిన.

వీసా భయం ఉండె, నిజమే. నువ్వు ఎట్లన్న ఇంకో బండి పట్టుకుంటవని నాకు నేనే చెప్పుకున్న. గాజుల దుకాణం అని చదివినంక ఆ మాట పనిచెయ్యలే.

పోయిన వారం మదీనత్ ఖలీఫాకు, అర్బాబ్ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన రాషిద్‌ను పిలిచి నా ముందటనే అడిగిండు. వాడు తల వంచుకున్నడు. ముసలాయన నా దిక్కు తిరిగి "నిసార్ ఇక్కడున్నప్పుడు రావలసింది" అన్నడు, గంతే. గ్యారేజీవాళ్ళు నన్ను పనిల నుంచి తీసి వచ్చే నెల ఊరికి పంపిస్తున్నరు.

నీ చూపుకు ఏం కాలే భాయ్. ఆ రాయి ఎప్పుడున్నంతనే ఉండె. కారును నేను దించిన.

ముత్యం


కోరుట్ల,
17 సెప్టెంబర్ 1981

ముత్యానికి,

నీ ఉత్తరం దుకాణంల చదివిన. ముందుగల సంతోషమైంది. కోపం తర్వాత వచ్చింది.

దుకాణం మామకు అప్పజెప్పి, బావమరిదిని జీపు అడిగి, ఒక్కణ్ణే మెట్‌పల్లి దాక పోయి వచ్చిన. ఎడ్ల బండ్లు, మేకలు, ఎదురుంగ బస్సులు. ఒక్కతాన గూడ అంచనా తప్పలే. వచ్చేటప్పుడు తొవ్వ పక్కన ఆపుకొని ఏడ్చిన. ఎనిమిది నెలలు నా కండ్లను నేనే నమ్మలే ముత్యం. జ్వరంతోని ఉన్న ఆడిమనిషిని రిక్షాల కుదిపిన. నౌకరి పోతే పోయింది, ఇంకోటి దొరుకుతది. ఇది నువ్వు రూంలనే, చాయ్ తాగుకుంట చెప్తే అయిపోయేది. నేను ఎవ్వలికీ చెప్పకపోదును. నీ వీసాకు ఏం అయ్యేది కాదు.

అర్బాబ్ గూడ ఉత్తరం రాయించిండు, మళ్ళ రమ్మని. పోను. మెట్‌పల్లి లారీ ఇంకొకరి చేతికి పోయింది. ఇంకోటి దొరికేదాక జీపునే కిరాయికి తిప్పుత.

ఖదీజాకు ఈ సంగతి చెప్పలే. చెప్పాల్నా వద్దా అని ఇంక తేల్చుకోలే.

నువ్వు బొంబాయిల దిగినంక మన్మాడ్ బండి ఎక్కి నిజామాబాద్ రా. ఏ తారీఖో తంతి ఇయ్యి. జీపు తీస్కొని టేషన్‌కు వస్త. ముందు సీట్లనే కూసో. గని ఊరు వచ్చేదాక ఏం మాట్లాడకు, నన్ను నడపనియ్యి.

నిసార్ అహ్మద్