ముప్పై లెక్కపెట్టేదాకా

ఇంటి యజమానురాలికి నీ మొగుడు రాస్తున్నది.

ఇక్కడ నేనూ, నా రెండు మోకాళ్ళూ, బాల్కనీలో నీ పదకొండు కుండీల్లో పదీ క్షేమం. అక్కడ నువ్వూ, మీ అక్కయ్యా, ఆవిడకి వేసిన కొత్త తుంటీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోను పెట్టుకుని ఈ వయసులో ఉత్తరాలేమిటని విసుక్కోకు. నువ్వు ఫోనెత్తిన మరుక్షణం మీ అక్కయ్య "స్పీకర్ పెట్టవే, మరిది గొంతు నేనూ వింటాను" అంటుంది. ఈ సంగతి ఆవిడ చెవిన పడితే నేను మళ్ళీ ఆ గడప తొక్కలేను. చదివాక చించెయ్యి.

ముందు నువ్వడిగినవి. మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దుటివి పొద్దున్నే, రాత్రివి గుర్తొచ్చినప్పుడు. గ్యాస్ పొయ్యి రెండో బర్నర్ బాగు చేయించాను. పదకొండో కుండీ గులాబీది. పురుగు పట్టిందని సబ్బునీళ్ళు కొట్టాను. పురుగు బతికింది. "ఫొటోలో ఆ గడ్డమేమిటి, చుబుకం మీద ఆ గాటేమిటి, సెలూన్‌కి వెళ్ళడం మానేశారా" అని కూడా అడిగావు. దానికి జవాబు పొడుగు. తర్వాత చెబుతాను.

ఇంకో మాట. నీ ఉత్తరంలో నా మోకాళ్ళ గురించి ఒక్కసారి అడిగావు, నేను ఫోన్లో చెప్పిన పాపానికి సెలూన్ తమ్ముడి గురించి మూడుసార్లు. లెక్కపెట్టాను. "తమ్ముడు ఇప్పుడు బాగా ఎగరేస్తున్నాడా" అని ఒకసారి. "ఆయన్ని అడిగి మీరూ నేర్చుకోరాదూ" అని ఒకసారి. "ఆయన చేతిలో ఏదో ఉందండీ" అని మూడోసారి. అది చదివిన పూట నాకు అన్నం సహించలేదు.

ఆయన్ని మైదానానికి తీసుకెళ్ళింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. రిటైరయ్యాక "ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెట్టేబదులు ఏదైనా నేర్చుకోండి" అని నువ్వు తరిమితే కదా నేను ఆ రిమోట్ హెలికాప్టర్ కొన్నది. నువ్వు మీ అక్కయ్య దగ్గరికి బయల్దేరేనాటికి నేలకి జానెడు ఎత్తున నిలబెట్టడం వచ్చింది. ఆ సంబరం ఆపుకోలేక, తల కత్తిరించుకుంటూ ఆయనకి చెప్పాను. "ఒకసారి చూపించన్నా" అన్నాడు. చూపించాను. వారం తిరక్కుండా తనూ అచ్చం నాలాంటిదే కొనుక్కున్నాడు.

నీకిది కాస్త వివరంగా చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. హెలికాప్టర్ తోక మనవైపు ఉన్నంతసేపు పని తేలిక. ఎడమకి నొక్కితే ఎడమకి పోతుంది. ముక్కు మనవైపు తిరిగిందా, అంతా తలకిందులు. ఎడమకి నొక్కితే మన కుడికి పోతుంది. ముప్పై నాలుగేళ్ళు బస్సు స్టీరింగ్ తిప్పిన చేతులు నావి. ఎడమంటే ఎడమే వాటికి. ముక్కు ఇటు తిరగ్గానే చెయ్యి ఒకటి చేస్తుంది, హెలికాప్టర్ ఇంకోటి చేస్తుంది, రెక్కలు గడ్డిలో ముక్కలవుతాయి. నాలుగు నెలల్లో ఆరు జతల రెక్కలు విరగ్గొట్టాను.

ఆయన చేరిన రెండో రోజున మైదానంలో అందరి ముందూ నోరు జారాను. "ఈయన నెల్లోపల ముక్కు తనవైపు తిప్పి ముప్పై లెక్కపెట్టేదాకా నిలబెడితే, నేను సగం మీసం తీయించుకుంటాను" అన్నాను. పెళ్ళిలో నన్ను కాదు, నా మీసాన్ని చూశానని నువ్వెన్నిసార్లు అన్నావో నీకు గుర్తుందిగా. ఆ మీసం.

తొమ్మిదో రోజున నిలబెట్టేశాడు. ముప్పై కాదు, యాభై దాకా. మాకు నేర్పే రిపేరు షాపమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఎలా వచ్చిందండీ ఇంత తొందరగా" అని అడిగితే ఆయన సిగ్గుపడుతూ, "ముప్పై ఏళ్ళుగా ఎదురుగా నిలబడి గడ్డాలు గీస్తున్నానమ్మా. ఎదుటివాళ్ళ ఎడమ నా కుడే కదా. నా చెయ్యికి అదే అలవాటు" అన్నాడు. ఆ అమ్మాయి నావైపు తిరిగి, "అంకుల్, ఈయన్ని చూసి నేర్చుకోండి" అంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. ఇంతకీ ఆయన ఆ మీసం పందెం మాటే ఎత్తలేదు. మర్చిపోయినట్టు నటించాడు. ఎత్తి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ మంచితనానికి నాకు ఒళ్ళు మరీ మండిపోయింది.

అసూయ అని చెప్పడానికి సిగ్గేమిటి నీ దగ్గర. అసూయే. పొద్దున లేచిందగ్గర్నుంచి ఆయన హెలికాప్టరే కళ్ళలో మెదిలేది. గాలి వీస్తే బాగుండు, ఆయన బ్యాటరీ చార్జి కాకపోతే బాగుండు అనుకునేవాణ్ణి. ఆయన చేత తల దువ్వించుకుంటూ అద్దంలో ఆయన వేళ్ళకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. అంత సన్నటి వేళ్ళు నాకెందుకు లేవని. నా సర్వీసులో ఒక్క ప్రమాదం చెయ్యలేదు నేను. పక్క బస్సువాడు నన్ను దాటిపోయినా ఎప్పుడూ పట్టించుకోలేదు. అరవై ఏళ్ళొచ్చాక ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు.

ఇప్పుడు గడ్డం సంగతి. సెలూన్ పదమూడు రోజులు మూసి ఉంది. మూయించింది నేను.

మా దగ్గర ఒక పద్ధతుంది. హెలికాప్టర్ లేపేముందు ఇద్దరుండాలి. ఒకరు రిమోట్ పట్టుకుని పది అడుగుల వెనక నిలబడతారు. రెండోవాళ్ళు హెలికాప్టర్ దగ్గర కూర్చుని "ఎడమ" అంటారు. రిమోట్‌లో ఎడమకి నొక్కితే రెక్కల కిందున్న చిన్న చక్రం ఎడమకి వాలాలి. వాలితే "సరే" అనాలి. తర్వాత "కుడి". అదీ వాలితే "సరే". మా వయసు కళ్ళకి అంత దూరం నుంచి ఆ చక్రం ఆనదు. కాబట్టి ఆ సరే మీదే లేపుతాం. ఆయనకి నేను చెప్పేవాణ్ణి, నాకు ఆయన.

ఆ రోజు ఆయన అవతల టీ తాగుతున్నాడు. రిమోట్ బెంచీ మీద ఉంది. దాని అడుగున చిన్న మూత తీస్తే వరసగా మీటలుంటాయి. ఒకటి ఇటునుంచి అటు జరిపితే ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. జరిపాను. ఎవరూ చూడలేదు. తర్వాత హెలికాప్టర్ దగ్గర కూర్చుని "ఎడమ" అన్నాను. చక్రం కుడికి వాలింది. నా కళ్ళతో చూశాను. చూసి, "సరే" అన్నాను.

గడ్డిలో ఒక్క దొర్లు దొర్లుతుంది, రెక్కలు విరుగుతాయి, నేను విరగ్గొట్టిన ఆరు జతలకీ తోడుంటుంది అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు, నీ మీద ఒట్టు. కానీ ఆయన చేతి నేర్పు గొప్పది కదా. ఒరిగిపోతున్నదాన్ని నిలబెట్టబోయాడు. నిలబెట్టబోయినకొద్దీ ఇంకా ఒరిగింది. తలెత్తు దాకా లేచి, పక్కకి దూసుకుపోయి, పంపు గది గోడకి కొట్టుకుని తునాతునకలైంది. అందరూ అటు పరిగెత్తారు. నేను ఆయన చేతిలోంచి రిమోట్ అందుకున్నాను, సాయం చేస్తున్నట్టు. మీట యథాస్థానంలోకి నెట్టేశాను. రిపేరు షాపమ్మాయి రిమోట్ అటూ ఇటూ చూసి, "ఇందులో లోపమేం లేదండీ" అంది.

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "నేను ఎడమే అనుకున్నానన్నా. చెయ్యి కుడి ఇచ్చినట్టుంది" అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మర్నాడు సెలూన్ తియ్యలేదు. ఏదో పనుండి ఉంటుందిలే అనుకున్నాను. మూడోరోజు, నాలుగోరోజు కూడా తియ్యలేదు. ఇంట్లోనే నేను గీసుకుని చుబుకం కోసుకున్నాను, నువ్వు ఫొటోలో చూసిన గాటు అదే. ఐదోరోజు వాళ్ళావిడ కూరగాయల కొట్టు దగ్గర కనిపించింది. "మీరైనా చెప్పండన్నయ్యా. మా మామగారికి ఇలాగే మొదలైందట. తనొకటనుకుంటే చెయ్యి ఇంకోటి చేసి, ఓ పెద్దాయన చెవి కోశారట. ఆ రోజుతో షాపు మానేశారు. ఈయన అదే పట్టుకుని కూర్చున్నారు. అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఏ చెయ్యో చూసుకుంటున్నారు" అంది. సంచీ నిండా ఏం కొన్నానో తెలియకుండా ఇంటికొచ్చాను. నిజం చెప్పేద్దామని ఒక పూట బయల్దేరేవాణ్ణి, ఇంకో పూట మానుకునేవాణ్ణి. సెలూన్‌వైపు పోవలసి వస్తే వెనక వీధి తిరిగి పోయేవాణ్ణి. ఇలా ఇంకో వారం గడిపాను. నన్ను తిట్టదలుచుకుంటే ఈ వారానికి తిట్టు. మిగతాదంతా బుద్ధి తక్కువ, ఈ వారం మాత్రం తెలిసి చేసింది.

మొన్న మధ్యాహ్నం వెళ్ళాను. సెలూన్ వెనక గదిలో ఉతికిన తుండుగుడ్డలు మడతపెడుతున్నాడు, అప్పటికే మడతలున్నవి మళ్ళీ విప్పి. "గడ్డం గీయాలి తమ్ముడూ" అన్నాను.

"నా వల్ల కాదన్నా. కోస్తే?"

"కోస్తే కోశావు. నా గడ్డమేగా."

షట్టర్ సగం లేపాడు. కుర్చీలో కూర్చున్నాను. మెడకి గుడ్డ కట్టాడు, నురగ పూశాడు, కత్తి తీశాడు, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. "వద్దన్నా. ఇంకోచోటికి వెళ్ళు" అన్నాడు. అప్పుడు అద్దంలో ఆయన మొహం చూస్తూ చెప్పేశాను. మీట జరిపిన సంగతి, చక్రం కుడికి వాలిన సంగతి, మళ్ళీ సరిచేసిన సంగతి.

ఆయన నురగ గిన్నె పక్కన పెట్టాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "చూసి కూడా సరే అన్నావా?"

"అన్నాను."

కత్తి చేతిలోకి తీసుకున్నాడు. నిజం చెబుతున్నాను, భయపడ్డాను. ఆయన నావైపు చూడనేలేదు. కత్తి పట్టుకున్న చేతికేసే చూసుకుంటున్నాడు. "అయితే నా చెయ్యి ఎడమే ఇచ్చిందన్నమాట" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి, ఆ సంతోషం చూసి మాత్రం తల ఎత్తలేకపోయాను.

కోపం తర్వాత వచ్చింది. "కదలకు" అన్నాడు. గడ్డం నున్నగా గీశాడు. తర్వాత రెండే రెండు గీతల్లో నా కుడివైపు మీసం తీసేశాడు. ఒక్క గీరు పడలేదు. "ఇది పందెం" అన్నాడు. "రెండో సగం, నీ హెలికాప్టర్ ముక్కు నీవైపు తిప్పి ముప్పై లెక్కపెట్టిన రోజున తీస్తాను. అప్పటిదాకా ఇలాగే తిరుగు. ఈలోపు నాది బాగయ్యేదాకా నీ హెలికాప్టర్ నేను ఎగరేస్తాను. ఇంకెప్పుడూ నా హెలికాప్టర్ ముందు కూర్చుని సరే అనకు."

నిన్న పొద్దున మైదానానికి అలాగే వెళ్ళాను. నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు. అసలు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. "పందెం ఓడాడు" అని మాత్రం అన్నాడు. రిపేరు షాపమ్మాయి ఆయనకి సరే చెప్పింది. నా హెలికాప్టర్, నా ఆరు జతల రెక్కలు తిన్న హెలికాప్టర్, ముక్కు తిప్పుకుని ఆయన ఎదుట బుద్ధిగా నిలబడింది. నా కడుపు మండింది. ఇంత జరిగాక కూడా మండింది, దాచను. ఇక మండకుండా ఉంటుందని నీకు మాటివ్వలేను.

తర్వాత దాన్ని దింపి, రిమోట్ నా చేతిలో పెట్టాడు. నేను పది అడుగుల వెనక్కి వెళ్ళాను. రిపేరు షాపమ్మాయి ముందుకొస్తుందనుకున్నాను. ఆమెని ఆగమని, ఆయనే వెళ్ళి హెలికాప్టర్ దగ్గర కూర్చున్నాడు. "ఎడమ" అన్నాడు. నొక్కాను. అంత దూరం నుంచి నాకేమీ ఆనలేదు. ఆ రిమోట్ అంతసేపూ ఆయన చేతిలోనే ఉంది, అడుగున మూత నేను తీసి చూసుకోలేదు. చక్రం ఎటు వాలిందో ఆయనకే తెలుసు. ఆయన తలెత్తి నాకేసి చూసి, "సరే" అన్నాడు.

ఆయన లేచి నా వెనక్కి వచ్చి నిలబడ్డాక, ఆ సరే మీదే లేపాను. నిటారుగా లేచింది.

ముక్కు తిప్పాను. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది, లెక్కపెడుతున్నాడు. పదకొండు దాకా నిలబెట్టాను. ఇంకా పంతొమ్మిది ఉంది. నువ్వు వచ్చేనాటికి పూర్తవుతుందని చెప్పలేను కాబట్టి, స్టేషన్‌లో నన్ను చూసి నలుగురి ముందూ నవ్వకు.

ఇట్లు,
ప్రస్తుతానికి ఎడమవైపు మాత్రమే మీసం ఉన్న
మీ ఆయన